ఊకెనే నడిచే హక్కు

"ఏంది బిడ్డా, బస్సు రాలేదా?"

జూలూరు దాటి మూసీ వైపు పోతుంటే, మడిలో నాట్లేస్తున్న ఒక చిన్నమ్మ నడుమెత్తి అడిగిన మాట ఇది. అప్పటికి మేము పంతొమ్మిది మందిమి. పదహారుగురు హాస్టల్ తమ్ముళ్ళు, ముగ్గురం పాత విద్యార్థులం. తమ్ముళ్ళలో తొమ్మిదో తరగతివాడు ఒకడికి ఆమె సొంత చిన్నమ్మ, తల్లి చెల్లెలు. "బస్సున్నది చిన్నమ్మా, ఊకెనే నడుస్తున్నం" అన్నాడు వాడు.

ఆమెకు అర్థం కాలేదు. "ఊకెనే ఎవలన్న నడుస్తరా బిడ్డా? కాళ్ళు నొయ్యవా?" అన్నది. పక్క మునుంలో ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. మేమూ నవ్వాం. కానీ మూసీ ఒడ్డుకు చేరేదాకా ఆ ప్రశ్న మా వెంటే వచ్చింది. తెల్లారి ఆరుకు మడిలో దిగి, చీకటిపడేదాకా వంగి ఉండే మనిషికి, పదహారుగురు పిల్లలు పనీ పాటా లేకుండా ఎండలో నడుచుకుంటూ పోతుంటే వింతగా కాక ఎలా కనబడుతుంది? మన ఇళ్ళల్లో నడక అంటే ఏదో ఒక పని. బడికి నడిచినం, కూలికి నడిచినం, రేషన్ దుకాణానికి నడిచినం, బస్ పాసు డబ్బుల్లేక నడిచినం. నడవడం కోసమే నడవడం మన లెక్కల్లో లేదు.

వార్షికోత్సవ సంచికకు ఏదన్నా రాయండన్నా అని తమ్ముళ్ళు అడిగినప్పుడు పోటీ పరీక్షల గురించో, లక్ష్యసాధన గురించో రాద్దామనుకున్నాం. అవి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు, రాయాలి కూడా. ఈసారి మాత్రం ఆ చిన్నమ్మకు సరిగ్గా చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ రాస్తున్నాం. మా అభిప్రాయం ఒక్క మాటలో ఇది: మన హాస్టళ్ళలో నెలకు ఒక ఆదివారం పిల్లలందరూ కలిసి పొద్దంతా నడిచే పద్ధతి రావాలి. అది విహారయాత్ర కాదు, అవార్డు వచ్చినవాళ్ళకు ఇచ్చే బహుమతి కాదు. అన్నం, నోటుబుక్కు, దుప్పటి లాగా అది కూడా హాస్టల్ ఇచ్చేదాంట్లో ఒకటి కావాలి.

ఈ ఆలోచన మాకెట్లా వచ్చిందో కొంచెం చెప్పాలి. మేము ముగ్గురం ఇదే హాస్టల్లో ఐదో తరగతి నుంచి పదిదాకా చదివాం. ఇరవై మూడేళ్ళు నిండాయి, ఇప్పుడు పీజీ చేస్తున్నాం. ముగ్గురి ఇళ్ళల్లోనూ డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్ళం మేమే. క్యాంపస్‌లో చేరిన కొత్తలో విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక మిత్రుడు, ఆదివారం పూట తమ ఊళ్ళో కంబాలకొండ అడవిలో ఎట్లా నడుస్తారో, భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల మీద ఎక్కితే ఒక పక్క గెడ్డలు, ఇంకో పక్క సముద్రం ఎట్లా కనబడతాయో చెబుతుండేవాడు. ఆయనే మమ్మల్ని ఒకసారి హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టల్లో నడిచే ఒక బృందంతో తీసుకుపోయాడు. అక్కడ ఒక పెద్దాయన ఎంతో మర్యాదగానే అడిగాడు, "ఇంతకుముందు ఏయే ట్రెక్కులు చేశారు బాబూ?" అని. మాలో ఒకడు వెంటనే అన్నాడు, "సార్, పోను నాలుగు కిలోమీటర్లు, రాను నాలుగు కిలోమీటర్లు, మూడో తరగతి నుంచి ఐదు దాకా." ఆయన కూడా మాతోపాటు నవ్వాడు. మంచి మనిషి.

ఆ రోజు మాకు తెలిసింది ఏమిటంటే, గుట్టను చూడడానికి మనుషులు పైసలు పెట్టి, పొద్దున ఐదుకు లేచి వస్తారు అని. హైదరాబాద్‌లో సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ 1996లోనే ఏర్పడింది. రాళ్ళను పగలగొట్టకుండా కాపాడుకుందామని చెబుతూ, ఆదివారాలు రాళ్ళ మధ్య నడకలు పెడుతూ వచ్చింది. మన దక్కను గుట్టల్లోని నల్లరాయి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఆ రాళ్ళ మీద కూర్చుని మనం మేకలు కాసినం. క్రషర్ దగ్గర మన నాయనలు ఆ రాళ్ళనే కొట్టినారు. దాని వయసు మాత్రం పట్నంనుంచి వచ్చిన వాళ్ళు చెబితే మాకు తెలిసింది. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు గానీ, ఇది మన తమ్ముళ్ళకు పదో తరగతిలోపే తెలిస్తే ఏం పోయింది అనిపించింది.

అట్లా ఈ జనవరిలో, సంక్రాంతి సెలవుల తర్వాతి ఆదివారం, పోచంపల్లి నుంచి బయలుదేరి మూసీ దాటి బీబీనగర్ దాకా నడిచి, అక్కడి నుంచి బస్సులో భువనగిరి చేరి గుట్ట ఎక్కాలని పథకం వేసుకున్నాం.

అనుమతి దొరకడం గుట్ట ఎక్కడం కంటే కష్టమైంది. ఒక అధికారి గారు దరఖాస్తు చదివి, "నడకనా? ఎందుకు? ఏమన్నా అయితే నా ఉద్యోగం ఏం కావాలె?" అన్నారు. ఆయన మాటలో న్యాయం లేదని మేము అనం. హాస్టల్ పిల్లలకు ఏమైనా అయితే పేపర్లో పేరు వచ్చేది ఆయనదే. తల్లిదండ్రులు కూడా అంతే. "చదువుకొమ్మని పంపినం గానీ తిరుగుమని పంపినమా" అని ఒక నాయన ఫోన్‌లో గట్టిగానే అడిగాడు. చివరికి రాతపూర్వకంగా పూచీ రాసిచ్చి, పదహారుగురి ఇళ్ళకూ ఫోన్లు చేసి, చెరువులో గానీ ఏట్లో గానీ ఎవరూ కాలు పెట్టరని ఒప్పుకుని అనుమతి తెచ్చుకున్నాం. ఇంతా అయ్యాక తమ్ముళ్ళకు వచ్చిన పెద్ద అనుమానం ఏమిటో తెలుసా? "అన్నా, ఆదివారం కోడికూర పోతదా?" వంట అక్క పుణ్యమా అని పోలేదు. పొద్దుటికి పులిహోర కట్టిచ్చి, కూర రాత్రికి ఉంచుతానని మాటిచ్చింది, ఉంచింది కూడా.

పొద్దున ఆరున్నరకు వినోబా మందిరం దగ్గర కలుసుకున్నాం. ఊరికి భూదాన్ పోచంపల్లి అనే పేరు ఎందుకొచ్చిందో తమ్ముళ్ళకు తెలుసు. పాఠంలో ఉన్నది కాబట్టి తెలుసు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఇక్కడికి వచ్చారు, వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు దానం చేశారు, భూదానోద్యమం మొదలైంది. ఒక మార్కు ప్రశ్నకు ఇది చాలు. కానీ ఆ 100 ఎకరాలకు ముందు ఇంకొక అంకె ఉన్నది, 80. ఊళ్ళోని 40 దళిత కుటుంబాలు వినోబా ముందు నిలబడి, మాకు 80 ఎకరాలు ఇప్పిస్తే దున్నుకుని బతుకుతామని అడిగాయి. సగం తరి, సగం ఖుష్కి అని లెక్క కూడా వాళ్ళే చెప్పారు. అడిగినవాళ్ళు ఉండబట్టే ఇచ్చినవాళ్ళు వచ్చారు. నిలబడి అడిగిన ఆ నలభై ఇళ్ళవాళ్ళ ముచ్చట మన పాఠంలో ఒక వాక్యానికి మించి రాదు. తమ్ముళ్ళకు ఇది చెబితే ఆరో తరగతి పిల్లవాడొకడు అడిగాడు, "అన్నా, అండ్ల మనోల్ల పేర్లు ఏంది?" మేము చెప్పలేకపోయాం. మీలో ఎవరికన్నా తెలిస్తే, తాతల నోట విన్నది ఉంటే, వచ్చే ఏడాది సంచికకు రాయండి.

వినోబా పోచంపల్లికి వచ్చింది కాలినడకన. వార్ధా దగ్గరి పవనార్ నుంచి శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి నడిచే వచ్చారు. అక్కడి నుంచి తెలంగాణ పల్లెల్లోకి నడిచారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి దేశమంతా నడిచారు. 40 లక్షల ఎకరాలకు పైగా దానంగా వచ్చాయని లెక్క. అందులో ఎంత భూమి నిజంగా దున్నేవాడి చేతికి వచ్చింది, ఎంత రాళ్ళూ రప్పలూ, ఎంత కోర్టు పాలైంది అనేది వేరే పెద్ద కథ. మన తాతల్ని అడిగితే చెబుతారు. మేము ఇక్కడ చెప్పదలచింది ఇంతే: జీపులో వచ్చి సభ పెట్టి పోయే మనిషికి ఆ 80 ఎకరాల మాట వినబడి ఉండేదా అని. నడిచి వచ్చిన మనిషి వాడకు వస్తాడు, గడపలో కూర్చుంటాడు. అడిగే ధైర్యం ఎదుటివాళ్ళకు వస్తుంది.

ఇంకొక సంగతి. ఇదే పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. మగ్గాలు చూడడానికి, ఇక్కత్ చీరెల చిటికీ ఎట్లా కడతారో చూడడానికి దేశదేశాల వాళ్ళు వస్తున్నారు. మంచిదే, మన ఊరికి పేరు. పదహారుగురు తమ్ముళ్ళలో ఎంతమంది మగ్గం గుంటలోకి తొంగి చూశారు అని అడిగితే ఇద్దరు చేతులెత్తారు. ఆ ఇద్దరూ పద్మశాలి మిత్రుల ఇంటికి పోయివచ్చినవాళ్ళు. మిగతావాళ్ళు ఈ ఊళ్ళో మూడేళ్ళు, నాలుగేళ్ళుగా ఉంటున్నారు. వాళ్ళకు తెలిసిన దారి ఒకటే, హాస్టల్ నుంచి బడికి, బడి నుంచి హాస్టల్‌కు.

జూలూరు దాటాక చిన్నమ్మ ముచ్చట ముందే చెప్పాం. ఆమె కాళ్ళు మోకాళ్ళ దాకా నల్లనీళ్ళల్లో ఉన్నాయి. ఆ మడికి పారేది మూసీ నీళ్ళు. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ నడుమ నుంచి వచ్చి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే నది ఇది. పట్నం దాకా ఒక నది, పట్నం దాటాక ఇంకొక నది. కోటి మంది వాడి వదిలిన నీళ్ళు, ఫ్యాక్టరీల నీళ్ళు కలిసి మన వైపు వస్తాయి. ఇక్కడ పిల్లాయిపల్లి దగ్గర నుంచి కాల్వలు తీసి పొలాలకు పారిస్తారు. వేసంగిలో కూడా పచ్చగా ఉండేది ఆ నీళ్ళ వల్లనే. దురద పుట్టేదీ ఆ నీళ్ళ వల్లనే. "ఈ నీళ్ళు లేకపోతే పంట లేదు, ఉంటే ఒళ్ళు లేదు" అన్నది చిన్నమ్మ, తమ్ముడి చేతిలో రెండు జామకాయలు పెడుతూ.

జూలూరు, రుద్రవెల్లి నడుమ మూసీ మీద ఒక లోలెవల్ వంతెన ఉన్నది. వరద వచ్చినప్పుడల్లా మునిగి రాకపోకలు ఆగిపోయి పేపర్లో పడే వంతెన అదే. మేము పోయిన రోజు నీళ్ళు కిందనే ఉన్నాయి. నురుగు మాత్రం సబ్బు నురుగు లాగా గుత్తులు గుత్తులుగా వచ్చి గుర్రపుడెక్కకు తట్టుకుంటున్నది. తమ్ముళ్ళు ముక్కులు మూసుకున్నారు. ఒడ్డున తెల్లకొంగలు తమ పని తాము చేసుకుంటున్నాయి. ఏడో తరగతివాడు అడిగాడు, "అన్నా, ఇది హుస్సేన్‌సాగర్ నీళ్ళా?" ఒక రకంగా అవును అని చెప్పాం. వాడు ఆ నీళ్ళను చాలాసేపు చూశాడు. పర్యావరణ పాఠంలో జల కాలుష్యానికి ఐదు కారణాలు రాయుము అనే ప్రశ్నకు వాడికి ఇక కంఠస్థం అక్కర్లేదు. దీన్నే మేము చదువు అంటున్నాం.

ఈ నది ఒడ్డున పెద్దవాళ్ళు కూడా నడిచారు. 2024 నవంబరు 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు ఇదే జిల్లాలో వలిగొండ మండలం సంగెం దగ్గర మూసీ వెంట పాదయాత్ర చేశారు. నదిని బాగుచేస్తామని చెప్పారు. బాగుచేస్తే అందరికంటే ముందు సంతోషించేది ఆ మడిలో ఉన్న ఆడవాళ్ళే. నది బాగుపడిందా లేదా అని ఏడాదికోసారి పోయి చూసివచ్చే పిల్లలు ఉంటే ఇంకా మంచిది కదా అని మా ఆశ. నెలనెలా అదే వంతెన మీద నిలబడి, నీళ్ళ రంగు ఒక నోటుబుక్కులో రాసుకునే హాస్టల్ ఒకటి ఉంటే, పదేళ్ళకు ఆ నోటుబుక్కు విలువ ఎంతో ఊహించండి.

రుద్రవెల్లి వైపు ఒడ్డెక్కాక జరిగిన సంగతి రాయాలా వద్దా అని ముగ్గురం చాలాసేపు మాట్లాడుకున్నాం. రాయాలనే అనుకున్నాం. దారిలో ఒకచోట, ఊరి పేరు అక్కర్లేదు, ఒక తోట పక్కన చెట్టుకింద కూర్చుని పులిహోర విప్పాం. కాపలా మనిషి వచ్చాడు. "ఎవలు మీరు?" అంటే విద్యార్థులం అన్నాం. "ఏ ఊరు?" చెప్పాం. అంతటితో ఆగితే బాగుండేది. "అండ్ల ఎవలోల్లు?" అన్నాడు. ఈ రెండో ప్రశ్న అర్థం మనందరికీ తెలుసు. పదహారుగురి గొంతులూ ఒక్కసారి తగ్గిపోయాయి. ఎనిమిదో తరగతివాడు లేచి నిలబడి, "హాస్టలోల్లం సార్" అన్నాడు. ఆ 'సార్' మాకు ఎక్కడో తగిలింది. కాపలా మనిషికీ మనకున్నన్ని కష్టాలే ఉండి ఉంటాయి, ఆయన్ని ఏమీ అనదలచలేదు. మేము డబ్బాలు మూసి, ఇంకో చెట్టు చూసుకున్నాం.

అక్కడ గొడవ పడాల్సింది అని మాలో ఒకడు ఇప్పటికీ అంటాడు. పిల్లల్ని పెట్టుకుని గొడవ ఏమిటని మిగతా ఇద్దరం. ఈ విషయంలో మా ముగ్గురికీ ఏకాభిప్రాయం లేదు. కానీ ఒక విషయంలో ఉన్నది. నాలుగ్గోడల మధ్య ఉన్నంతసేపు మన పిల్లలకు ఆ ప్రశ్న ఎదురు కాదు. ఇంటర్‌కు పోయాక, పట్నంలో అద్దెగది వెతుక్కునేటప్పుడు ఒంటరిగా ఎదురవుతుంది. పంతొమ్మిది మందిలో ఒకడిగా ఎదుర్కొంటే జవాబు నేర్చుకోవచ్చు. ఆ సాయంత్రం బస్సులో తమ్ముళ్ళు తమలో తామే మాట్లాడుకుని ఒక జవాబు తయారుచేసుకున్నారు: "పోచంపల్లి హాస్టల్ నడక గుంపోల్లం." సార్ లేదు అందులో.

మన తాతలు గడి ముందునుంచి పోయేటప్పుడు చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని నడిచేవాళ్ళని ఇంట్లో విన్నాం. దారి అందరిదీ, కానీ నడిచే పద్ధతి అందరిదీ కాదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేడ్కర్ మహాడ్‌లో వేలమందిని వెంటబెట్టుకుని చౌదార్ చెరువు దాకా నడిచి, దోసిలితో నీళ్ళు తాగిన సంగతి మన హాస్టల్ గోడ మీద బొమ్మగా ఉన్నది. బొమ్మ కింద రాయనిది ఒకటి ఉన్నది. బొంబాయి శాసనమండలి ప్రజల చెరువులు, బావులు అందరికీ తెరవాలని తీర్మానం చేసింది 1923లోనే. కాగితం మీద హక్కు నాలుగేళ్ళు ఉన్నది. నడిచిపోయి తాగిన రోజున గానీ లోకానికి అది కనబడలేదు. తాగినందుకు ఆ రోజే దెబ్బలు కూడా తిన్నారు.

మన ముచ్చటలాంటిదే ఇంకొకటి ఇంగ్లండ్‌లో జరిగింది. మాంచెస్టర్ పేరు మన చేనేత పాఠంలో వస్తుంది, మిల్లు బట్టతో మన మగ్గాల నోట్లో మట్టికొట్టిన ఊరు. ఆ ఊరి కార్మికులకు మాత్రం ఏం సుఖం ఉన్నది? ఆరురోజులు పొగలో పనిచేసి ఆదివారం పక్కనున్న గుట్టలకు పోదామంటే, అవి భూస్వాములు పక్షుల వేటకోసం కాపలా పెట్టుకున్న గుట్టలు. 1932 ఏప్రిల్ 24న కొన్ని వందలమంది యువకులు కిండర్ స్కౌట్ అనే గుట్టమీదికి అనుమతి లేకుండా నడిచారు. ముందు నిలబడిన బెన్నీ రాత్‌మన్ వయసు ఇరవై. మనకంటే చిన్నవాడు. ఐదుగురికి జైలుశిక్షలు పడ్డాయి. తర్వాత కాలం మారింది. ఆ గుట్టలున్న పీక్ డిస్ట్రిక్ట్ ఆ దేశంలో మొదటి జాతీయ ఉద్యానం అయింది, 1951 ఏప్రిల్ 17న. తారీఖు మళ్ళీ చూడండి. మరుసటి రోజే పోచంపల్లిలో మనవాళ్ళు 80 ఎకరాలు అడిగారు. దీనికీ దానికీ సంబంధం ఏమీ లేదు, ఊరికే తారీఖులు కలిశాయి. అయినా ఆ సంగతి బస్సులో చెబితే తమ్ముళ్ళు చప్పట్లు కొట్టారు.

బీబీనగర్ చేరేసరికి పన్నెండు దాటింది. ఇద్దరి చెప్పులు తెగిపోయాయి. ఒకడు తెగిన చెప్పుకు పిన్నీసు గుచ్చి నడిచాడు, ఇంకొకడు ఉత్త కాళ్ళతో. నీళ్ళు తక్కువ తెచ్చుకున్నాం, అది మా తప్పు. ఆరో తరగతివాడికి కళ్ళు తిరిగితే నీడలో కూర్చోబెట్టి, చక్కెర ఉప్పు కలిపిన నీళ్ళు తాగించి, గంటసేపు కదలలేదు. ఈ సంగతి దాచిపెట్టడం లేదు. మళ్ళీ నడిచేటప్పుడు మనిషికి రెండు లీటర్లు, తలకు రుమాలు, ఎండాకాలం నడక లేదు.

భువనగిరి గుట్ట గురించి ఎంత రాసినా తక్కువే. ఐదువందల అడుగులకు పైగా ఒక్కటే రాయి. కిందనుంచి చూస్తే గుడ్డును పక్కకు పడుకోబెట్టినట్టు ఉంటుంది. పశ్చిమ చాళుక్యుల రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరుమీద త్రిభువనగిరి అయి, భువనగిరి అయింది. మేము చదువుకునే రోజుల్లో మాలో ఒకడు ఎండాకాలం సెలవుల్లో ఆ గుట్ట కింద మజ్జిగ ప్యాకెట్లు అమ్మాడు. రంగురంగుల బూట్లు, తాళ్ళు వేసుకుని పైకి పోయేవాళ్ళను చూడడమే గానీ, తాను రెండు నెలల్లో ఒక్కసారి కూడా పైకి ఎక్కలేదు. ఎవరూ వద్దనలేదు. ఎక్కవచ్చునని తోచలేదు, అంతే. ఈసారి అందరికంటే ముందు పైకి చేరింది వాడే. పైన బారాదరి దగ్గర కూర్చుని, కిందికి చూసి చాలాసేపు మాట్లాడలేదు.

ఈ గుట్టకు మనకు ఇంకో చుట్టరికం ఉన్నది. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ తొలిపాఠాలు నేర్చుకున్నది ఇక్కడి రాక్ క్లైంబింగ్ స్కూల్లోనే. 2014 మే 25న ఇద్దరూ ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పదమూడేళ్ళ పదకొండు నెలలు. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల ప్రపంచంలోనే అతి చిన్న వయసులో ఎవరెస్ట్ ఎక్కిన బాలిక అయింది. ఈ గర్వం మనందరిదీ. ఇక్కడే మా అసంతృప్తి కూడా ఉన్నది, అపార్థం చేసుకోకండి. వందమందిని తెచ్చి ఇరవైమందిని ఏరి, ఇద్దరిని శిఖరం మీద నిలబెట్టడం ఒక పని. అది జరిగింది, గొప్పగా జరిగింది. మిగిలిన లక్షలమందికి గుట్ట కింది నుంచి చూడడమేనా? గురుకులాలకు ఉన్నపాటి ఏర్పాట్లు కూడా మన హాస్టళ్ళకు లేవు. మన పిల్లలు బయటి బడికి పోయి వచ్చేవాళ్ళు, వాళ్ళ ఆదివారం ఎవరి లెక్కలోనూ లేదు. మెరికల్లాంటి వాళ్ళను ఏరడం మన వ్యవస్థకు బాగా అలవాటైంది. నడకలో ఏరడానికి ఏమీ లేదు. వెనక పడ్డవాడి కోసం ముందు పోయినవాడు ఆగాలి. ఆ రోజు పదహారుగురూ పైకెక్కారు, ఉత్త కాళ్ళవాడు కూడా.

ఇక అభ్యంతరాల మాట. ఖర్చు అంటారు. 2024 చివర్లో డైట్ ఛార్జీలు 40 శాతం పెంచారు, సంతోషం. నడకకు అందులోంచి రూపాయి అక్కర్లేదు. మాకు అయింది బస్సు ఛార్జీలు, అరటిపళ్ళు, ఒక ప్యాకెట్ దూది, అయోడిన్. పాత విద్యార్థులం తలా కొంత వేసుకుంటే ఏడాదికి సరిపోతుంది. ఉద్యోగాలు వచ్చిన అన్నలు వార్షికోత్సవానికి వచ్చి శాలువాలు కప్పించుకుంటున్నారు, మంచిదే. ఆ శాలువాల డబ్బుతో పదహారు జతల బూట్లు వస్తాయని మా చిన్న లెక్క. (కోపం తెచ్చుకోవద్దు అన్నలూ.)

ప్రమాదం అంటారు. నిజమే, ఏటా చెరువుల్లో, కుంటల్లో మునిగి ఎందరో పిల్లలు పోతున్నారు. వాళ్ళలో ఎక్కువమంది పెద్దవాళ్ళెవరూ లేనప్పుడు చెప్పకుండా పోయినవాళ్ళే. గేటు వేసి ఉంచితే పిల్లలు గోడ దూకుతారు, మేమూ దూకినం. పెద్దవాళ్ళు వెంట ఉండి, పేర్లు రాసుకుని, నీళ్ళల్లో దిగవద్దని కట్టడి చేసి తీసుకుపోతే గోడ దూకాల్సిన పని ఉండదు.

ఆడపిల్లల సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధం అవుతుంది. మొదటి నడకకు బాలికల హాస్టల్ చెల్లెళ్ళను మేము అడగనే లేదు. "ఒప్పుకోరులే, తర్వాత చూద్దాం" అనుకున్నాం. ఎవరూ కాదనకముందే మేమే కాదనుకున్నాం. ఆ తర్వాత ఒక చెల్లెలు మాలో ఒకడిని బస్టాండులో ఆపి అడిగింది, "అన్నా, పూర్ణ ఆడపిల్ల కాదా?" జవాబు లేదు మా దగ్గర. ఆర్టీసీలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు టికెట్టే లేదు. లెక్క ప్రకారం చూసినా వాళ్ళ నడకకే ఖర్చు తక్కువ. ఒక మేడమ్, ఇద్దరు పాత విద్యార్థినులు వెంట ఉంటే చాలు. పాత విద్యార్థినుల్లో ఇద్దరు టీచర్లుగా చేస్తున్న అక్కలు వస్తామని ఇప్పటికే మాటిచ్చారు.

ఆ అక్కలే దరఖాస్తు రాశారు. వచ్చే నెల రెండో ఆదివారం, పొద్దున ఆరింటికి, బాలికల హాస్టల్ గేటు దగ్గర. ఈసారి దారి తక్కువ, జూలూరు వంతెన దాకా పోయి వెనక్కి రావడమే. వంతెన మీద నీళ్ళ రంగు రాసుకోవడానికి నోటుబుక్కు కొన్నాం. దరఖాస్తుకు ఇంకా జవాబు రాలేదు. చిన్నమ్మ వాళ్ళ మడిలో నాట్లు అయిపోయి ఉంటాయి, కలుపుకు వస్తుందని తమ్ముడు చెప్పాడు. ఆమెకు పోయిన నెల ఫొటో ఒకటి కడిగించి పెట్టాం, ఇచ్చిరావాలి.